పదకొండో వార్డు దీపాలు

కోటిరత్నం గొంతు గురించి చిలకలదిన్నెలో తెలియనివాళ్ళు లేరు. మిర్చి కొట్ల వెనక రేకుల షెడ్డులో కూర్చుని "ఏమ్మే, తాలుకాయ తెచ్చి మంచికాయలో కలుపుతుందెవతే!" అని ఆవిడ ఒక్క కేక వేస్తే, రోడ్డు మీద పోతున్న రిక్షావాడు కూడా ఉలిక్కిపడి తన చేతుల వంక చూసుకునేవాడు. నలభైమంది ఆడవాళ్ళ ముఠాకి మేస్త్రి ఆవిడ. ఎండిన మిరపకాయలకి తొడిమలు తీయడం, రంగు పోయి తెల్లబడ్డ తాలుకాయల్ని ఏరి వేరే కుప్ప పోయడం వాళ్ళ పని. కూలి దగ్గర షావుకారు నసిగాడంటే చెంగు నడుముకి బిగించి కొట్టు ముందు నిలబడేది. ఆ నోట్లో నోరు పెట్టడం ఎందుకని షావుకార్లే దిగివచ్చేవాళ్ళు. అంతటి మనిషి ఒకే ఒక్కసారి, నోరు విప్పి తీరవలసిన చోట, రెండు మాటలు మింగేసింది. ఆ రెండు మాటల ఖరీదు చెప్పడానికే ఇదంతా.

అద్దంకి వెళ్ళే రోడ్డు మీద ఉంటుంది చిలకలదిన్నె. పేరుకి మునిసిపాలిటీ. మెయిన్ రోడ్డు మీద రెండు సినిమా హాళ్ళు, ఓ బస్టాండు, వరసగా పురుగుమందుల షాపులు చూసి పట్నం అనుకోవాలి. పదకొండో వార్డు ఊరి చివర వాగొడ్డున ఉండేది. రెండు వందల గడప. ఒక్క ఇంట్లోనూ మరుగుదొడ్డి లేదు. ఇళ్ళు దాటగానే వాగు వెంట సర్కారు తుమ్మ దట్టంగా అల్లుకుపోయి ఉండేది. దాన్ని అందరూ కంప అనేవాళ్ళు. వార్డులో ఆడవాళ్ళకి ఉన్న మరుగల్లా ఆ కంపే. తెల్లవారకముందు ఒకసారి, పొద్దు గూకాక ఒకసారి. ఆ రెండు వేళల్లో మగపురుగు అటు తొంగిచూసేది కాదు. ఎవరూ కాగితం మీద రాయని కట్టుబాటు అది. జహీరున్నీసా అనే ముసలమ్మ కంప మొదట్లో ఓ రాయి మీద కూర్చుని, ఎవడైనా పొరపాటున అటు అడుగేస్తే గట్టిగా దగ్గేది. ఆ దగ్గు వింటే ఎంత తాగినవాడైనా వెనక్కి తిరగాల్సిందే.

అలాగని అదేదో స్వర్గమని చెప్పడం లేదు. వానాకాలం మోకాలి లోతు బురద. పాములు, తేళ్ళు. జ్వరమొచ్చినా, కడుపులో తిప్పినా, నిండు నెలలైనా రెండు వేళల దాకా ఓర్చుకోవలసిందే. పట్టపగలు ప్రాణం మీదికొస్తే ఒకరిద్దరిని తోడు తీసుకుని, చీరలు అడ్డం పట్టించుకుని, వచ్చేపోయేవాళ్ళ కంట పడకుండా వెళ్ళి రావాలి. మిరపకాయల్లో నానిన చేతుల్ని మజ్జిగతో తోముకున్నా మంట వదలదు. ఆ చేతులతో నీళ్ళు ముట్టుకోవాలంటే ఏడుపొచ్చేది.

అందరిలోకీ ఎక్కువ అవస్థ పడింది రెబ్కా. ముప్పై ఏళ్ళ మనిషి, రిక్షా తొక్కే మరియదాసు పెళ్ళాం. ఎనిమిదేళ్ళ నుంచీ కోటిరత్నం పక్కనే ఒకే పట్టా మీద కూర్చుని కాయ ఏరుతోంది. మూడో కాన్పు తరవాత ఆమెకో బాధ పట్టుకుంది. నీళ్ళు తాగితే గంట సేపు కూడా ఆపుకోలేదు. ఈ సంగతి మొగుడికి కూడా చెప్పలేదు. కోటిరత్నానికి ఒక్కదానికే చెప్పింది, అదీ తల వంచుకుని, కాయ ఏరుతూనే.

ఎనభైయేడులో మునిసిపల్ ఎన్నికలొచ్చాయి. పదకొండో వార్డు ఆడవాళ్ళకి కేటాయించారు. మిగతా చోట్ల మొగుళ్ళు పెళ్ళాల పేర్లు రాయించి కండువాలు తాము వేసుకుని తిరిగారు. కోటిరత్నానికి ఆ బెడద లేదు, మొగుడు ఆదెయ్య పోయి ఆరేళ్ళయింది. నిలబడమని పోరు పెట్టింది రెబ్కానే.

"షావుకార్ల చేత కూలి పెంచించావు. ఆ కౌన్సిలోళ్ళు వీళ్ళకన్నా పెద్ద మొనగాళ్ళా అక్కా? ఒక్కటంటే ఒక్కటి అడుగు. ఆడోళ్ళకి దొడ్లు కట్టించమను. నాలుగు గోడలు, ఓ తలుపు. ఇంకేం వద్దు మనకి."

"కట్టిస్తానే! కట్టించకపోతే నా పేరు కోటిరత్నమే కాదు!" అని షెడ్డు కంపించేలా అందావిడ. ముఠా అంతా చప్పట్లు కొట్టింది. ఆ మాట మీదే వార్డులో ఆడవాళ్ళ ఓట్లన్నీ ఆవిడకి పడ్డాయి. మగవాళ్ళకి ఆ మాట చెప్పలేదు. మగవాళ్ళతో చెప్పే మాటా అది!

మొదటి కౌన్సిల్ మీటింగు నాడు రెబ్కా తన పెళ్ళినాటి చీర ఇచ్చి కట్టించింది. ఏం మాట్లాడాలో ఇద్దరూ మూడు రోజుల నుంచీ వల్లె వేసుకున్నారు. ఛైర్మన్ రాధాకృష్ణమూర్తి గారు హైస్కూలు హెడ్మాస్టరు చేసి రిటైరైన మనిషి. మంచివాడు. ఈ మాట వెటకారంగా అనడం లేదు. చెడ్డవాడైతే నాలుగు తిట్లు తిట్టి మనసు చల్లబరుచుకునేవాళ్ళం. ఆయన నిజంగానే ఊరికి మంచి చేద్దామనుకున్నాడు. ప్రతి వార్డు మెంబరునీ లేపి, మీ వీధుల్లో జనం సుఖంగా ఉండాలంటే ఏం కావాలో చెప్పమని ఓపిగ్గా అడిగాడు.

కోటిరత్నం వంతు వచ్చింది. లేచి నిలబడింది. ఎదురు బెంచీలో పన్నెండో వార్డు మెంబరు అంకమ్మరావు కూర్చుని ఉన్నాడు. అంకమ్మరావు ఆదెయ్యకి స్వయానా అన్న, అంటే ఆవిడకి బావగారు. కాపురానికి వచ్చిన ఇరవై అయిదేళ్ళలో ఆవిడ ఆయన ఎదుట కుర్చీలో కూర్చోలేదు, తలెత్తి మాట్లాడలేదు, ఆయన పేరు నోట పలకలేదు. ఆ రోజు కూడా ఛైర్మన్ గారు మూడుసార్లు చెబితేగాని కూర్చోలేదు, కూర్చున్నా కుర్చీ అంచునే కూర్చుంది. ఇప్పుడు ఆయన ముందు, ఇరవైమంది మగవాళ్ళ ముందు, ఆడవాళ్ళ దొడ్ల గురించి నోరెత్తాలి.

"అయ్యా, మా వాగొడ్డున కంప ఉందండి. ఆడోళ్ళు... అటు పోవాలంటే చీకటండి. పాములు తిరుగుతున్నాయి. మొన్న మా ముఠాలో పిల్లకి తేలు కుట్టింది."

"ఇంకా చెప్పమ్మా," అన్నారు ఛైర్మన్ గారు. పెన్ను పట్టుకుని ఎదురుచూశారు.

ఆవిడ బావగారి కాళ్ళ వంక చూసింది. ఆయన కిర్రు చెప్పులు కనిపించాయి.

"అంతేనండి," అని కూర్చుంది.

ఇంటికొచ్చేసరికి రెబ్కా గుమ్మంలో కూర్చుని ఉంది.

"అడిగావా అక్కా?"

"అడిగానే."

"ఏమన్నారు?"

"చేస్తామన్నారు."

చీకటన్నాను కాబట్టి ముందు దీపాలన్నా రానీ, తరవాత ఛైర్మన్ గారిని విడిగా కలిసి అసలు సంగతి చెబుదాం అని తనకి తాను సర్దిచెప్పుకుంది. అబద్ధమాడానని ఆ పూట ఆవిడకి అనిపించలేదు.

మునిసిపాలిటీ పని అంటే నత్తనడక అని అందరికీ తెలుసు. మన ఖర్మ, ఆ ఒక్క పనీ గుర్రం ఎక్కి వచ్చింది. ఇరవై రోజులు తిరక్కుండా పాతికమంది గొడ్డళ్ళు పట్టుకుని వాగొడ్డున దిగారు. ముఠా అంతా షెడ్డులో ఉంది. సాయంత్రం తిరిగొచ్చేసరికి కంప లేదు. వాగు దాకా చదునుగా తీసిన నేల. మధ్యలో తన రాయి మీద జహీరున్నీసా ఒక్కతే కూర్చుని ఉంది, నెత్తి మీద చెంగు కప్పుకుని, ఎవరి వంకా చూడకుండా. ఇంకో వారానికి మూడు స్తంభాలు లేచాయి. ఒక్కోదానికీ ఒక మెర్క్యురీ లైటు. సిమెంటు బెంచీలు వేశారు. ఛైర్మన్ గారు వచ్చి, "మొదటి మీటింగులోనే తన వార్డు కష్టం చెప్పుకున్న ఆడపడుచు" అని కోటిరత్నానికి దండ వేసి, ఆవిడ చేతనే మీట నొక్కించారు. వాగొడ్డు పట్టపగల్లా వెలిగింది. మగవాళ్ళు ఈలలు వేశారు. ఆడవాళ్ళు గుమ్మాల్లో నిలబడి ఆ వెలుతురు వంక చూశారు. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. అప్పుడు తెలిసింది కోటిరత్నానికి, తను చేసిందేమిటో. మెడలో దండ తీసే ధైర్యం కూడా లేకపోయింది.

ఆ వారం నుంచే బెంచీల మీద పేకాటరాయుళ్ళ చతుర్ముఖ పారాయణం మొదలైంది. సోడా బండి వచ్చింది, బజ్జీల బండి వచ్చింది. ఇంట్లో ఉక్కపోతని పెద్దమనుషులు తువ్వాళ్ళు పరుచుకుని అక్కడే పడుకునేవాళ్ళు. ఊరు బాగుపడిందని అందరూ మెచ్చుకున్నారు.

"నువ్వు అడిగింది ఇదేనా అక్కా?" అంది రెబ్కా, షెడ్డులో కాయ ఏరుతూ.

కోటిరత్నం ఇక దాచలేకపోయింది. "బావగారున్నారే. ఎదురుగా కూర్చున్నారు. నోరు రాలేదే నాకు."

రెబ్కా తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "నీక్కూడా సిగ్గుంటదని నేనెప్పుడూ అనుకోలేదక్కా," అని మళ్ళీ కాయల మీదికి వంగింది.

ఆ తరవాత ఆడవాళ్ళు రోడ్డు దాటి పత్తిచేలకి పోవడం మొదలుపెట్టారు. మైలు దూరం. చీకట్లో లారీలు దూసుకొస్తుంటే చెయ్యీ చెయ్యీ పట్టుకుని రోడ్డు దాటేవాళ్ళు. నడుమెత్తు పెరిగిన పత్తి కాబట్టి కొన్నాళ్ళు మరుగు దొరికింది. రైతులు గట్ల మీద నుంచి కేకలు వేసినా, ఆడకూతుళ్ళని చూసి ఏమీ అనలేకపోయేవాళ్ళు. ఆ ఏడు తెల్లదోమ పడింది. ఎన్ని మందులు కొట్టినా ఆకు నల్లబడి రాలిపోయింది. రైతులు పంట మీద ఆశ వదులుకుని మోళ్ళు పీకి వంటచెరుకు చేసుకున్నారు. మాఘమాసం వచ్చేసరికి కనుచూపు మేర బోడి నేల. రైతు గట్టు మీద కూర్చుని ఏడ్చాడు. ఇవతల గట్టు మీద చెంబులు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళకీ ఏడుపొచ్చింది, ఆయన కోసం కొంతా, తమ కోసం కొంతా. ఆ తరవాత పగలు పోవడానికి ఎక్కడా చోటు లేదు, కటిక చీకటి పడేదాకా ఆగాల్సిందే.

కోటిరత్నం ఊరుకోలేదు. ఛైర్మన్ గారింటికి వెళ్ళి, ఆయన భార్య సుబ్బలక్ష్మి గారిని వంటింట్లో పట్టుకుని, నేల మీద కూర్చుని అంతా చెప్పింది. ఆవిడ నోటి మీద చెయ్యి వేసుకుని వింది, లోపలికెళ్ళి భర్తకి చెప్పింది. ఆయన బయటికి వచ్చారు. మొహం వాడిపోయి ఉంది.

"ఈ మాట ఆ రోజే చెబితే అయిపోయేదమ్మా. కంప కొట్టించడం, లైట్లు, బెంచీలు, ఈ ఏటికి మీ వార్డు పనులు అవే. ఇప్పుడింకేమీ చేయలేను."

"పోనీ ఆ లైట్లన్నా తీయించండయ్యా."

"ఉన్న వెలుగు తీసేయమని ఏ ముఖం పెట్టుకుని తీర్మానం చెయ్యనమ్మా? జనం నవ్విపోతారు. వచ్చే బడ్జెట్టులో తప్పకుండా చూద్దాం."

లైట్లు తీసినా కంప తిరిగి మొలవదని ఆవిడకీ తెలుసు. తెలిసే అడిగింది.

మిర్చి సీజను ముమ్మరమైంది. చైత్రం వచ్చేసరికి యార్డు నిండా టిక్కీ బస్తాలు, షెడ్డు నిండా ఎర్రటి గుట్టలు. పైన రేకులు పెనంలా కాలుతుంటే కింద నలభైమంది మూతులకి గుడ్డలు కట్టుకుని కూర్చునేవాళ్ళు. ముఠా మధ్యలో ఎప్పుడూ ఓ నీళ్ళకుండ ఉండేది. అంతకుముందు ఏడాదిలో ఆ కుండ రోజుకి నాలుగుసార్లు నింపేవాళ్ళు. ఈ ఏడు పొద్దున నింపితే సాయంత్రానికి సగం కూడా తరిగేది కాదు. ఎవరూ ఎవరితోనూ అనుకోలేదు, తీర్మానం చేసుకోలేదు. తాగడం మానేశారు, అంతే. పెదాలు తడుపుకుని గ్లాసు పక్కవాళ్ళకి అందించేవాళ్ళు. కోటిరత్నం అది రోజూ చూస్తూనే ఉంది. తనూ అదే పని చేస్తోంది.

"ఓ గుక్క తాగవే," అంది ఓ రోజు రెబ్కాతో. "పెదాలు పగిలి నెత్తురు కారుతోంది."

"తాగి పొద్దుగూకే దాకా ఎక్కడ దాచుకోను అక్కా?" అంది రెబ్కా.

కోటిరత్నం గ్లాసు తీసుకెళ్ళి మళ్ళీ కుండ మీద బోర్లించింది.

ఆ మర్నాడే, మధ్యాహ్నం రెండు గంటల వేళ, రెబ్కా కాయ ఏరుతూ ఏరుతూ గుట్ట మీదికి ఒరిగిపోయింది. నిద్ర ఆగలేదేమో అనుకున్నారు ముందు. ఒళ్ళు ముట్టుకుంటే కాలిపోతోంది. చెమట చుక్క లేదు. ముఖం మీద నీళ్ళు కొడితే కళ్ళు తెరవలేదు. మరియదాసు రిక్షాలోనే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. కోటిరత్నం ఆమె తలని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చేతుల కారం తగులుతుందని ముఖం కూడా తుడవలేకపోయింది.

"పొద్దుటి నుంచీ నీళ్ళేమైనా తాగిందా?" అని అడిగాడు డాక్టరు.

కోటిరత్నం రెబ్కా కాళ్ళ మీద చీర సర్దింది.

"ఇంత ఎండలో పని చేస్తూ నీళ్ళు తాగకుండా ఎలా ఉంటారమ్మా? నీళ్ళు దొరకలేదా?"

దొరకక కాదు. కోటిరత్నం నోట్లో జవాబు ఉంది. అక్కడా ఆవిడ తల వంచుకుంది.

పొద్దు వాలేసరికి రెబ్కా పోయింది. ముగ్గురు పిల్లల్లో చిన్నదానికి రెండేళ్ళు. వరండాలో గోడకి చేరగిలబడ్డ మరియదాసు ఏడవలేదు, అరవలేదు. "నీ పక్కనేగా కూర్చుంది అక్కా," అన్నాడు. "కుండ కూడా పక్కనేగా ఉంది. నాకర్థం కావడం లేదు. కుండ పక్కనే పెట్టుకుని గొంతెండి ఎట్టా పోయింది?" ఆ ప్రశ్నకి సమాధానం తనేనని కోటిరత్నానికి తెలుసు. చెప్పలేక, ఉండలేక, ఆసుపత్రి మెట్ల మీద కూలబడి గుండెలు బాదుకుంది.

తరవాతి కౌన్సిల్ మీటింగులో రెండు నిమిషాలు మౌనం పాటించారు. వడదెబ్బ తగిలి కష్టజీవి ప్రాణం పోవడం ఊరంతటికీ అవమానమన్నారు ఛైర్మన్ గారు. మిర్చి యార్డులో రెబ్కా పేరు మీద వెంటనే చలివేంద్రం పెట్టాలని ప్రతిపాదించారు. అందరూ బల్లలు చరిచారు.

కోటిరత్నం లేచింది. ఈసారి బావగారి చెప్పుల వంక చూడలేదు, ముఖం వంకే చూసింది.

"అయ్యా, రెబ్కా నీళ్ళు లేక చచ్చిపోలేదు. తాగితే దొడ్డికి పోవడానికి చోటు లేక, ఉచ్చ పోసుకోవడానికి మరుగు లేక తాగకుండా చచ్చిపోయింది. ఉన్న మరుగు కొట్టించింది నేనే. అడగాల్సింది అడక్కుండా పాములని, చీకటని చెప్పాను. తప్పు నాది. మా ఆడోళ్ళకి చలివేంద్రం వద్దు. నాలుగు గోడలు కట్టించండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

ఒకాయన పై కప్పు వంక చూశాడు, ఇంకొకాయన కాగితాలు సర్దుకున్నాడు. అంకమ్మరావు లేచి కండువా దులుపుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఆ తరవాత ఆయన ఆవిడ గుమ్మం తొక్కలేదు. ఛైర్మన్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "నోట్ చేసుకోండి," అన్నారు గుమాస్తాతో. తరవాత బస్టాండు దగ్గర కాలువ పూడిక విషయం ఎత్తారు.

పది రోజులకి మీటింగు నకలు వచ్చింది. కోటిరత్నానికి చదువు రాదు. గుమాస్తా రామమూర్తి చేతనే చదివించుకుంది. "పదకొండో వార్డు సభ్యురాలు చలివేంద్రం ప్రతిపాదనను బలపరిచినారు." ఇంతే ఉంది.

"నేను చెప్పింది ఏదయ్యా?"

"అలాంటి మాటలు రికార్డులో రాయకూడదమ్మా," అన్నాడు రామమూర్తి. పాపం, ఆవిడ పరువు కాపాడానన్న భావం కనిపించింది అతని ముఖంలో. "ఒంగోలులో పై ఆఫీసర్లు చూస్తారు. నీకే బాగుండదు."

రికార్డులో లేని మాట బడ్జెట్టులోకి ఎక్కడ నుంచి వస్తుంది?

చలివేంద్రం మాత్రం చెప్పిన రోజుకి చెప్పినట్టు వచ్చింది. తాటాకుల పందిరి, ఇసకలో పాతిన ఆరు కొత్త కుండలు, వట్టివేళ్ళు వేసిన నీళ్ళు. రెబ్కా పేరు రాసిన బోర్డు. ముఠా నలభైమందినీ పని ఆపించి తెచ్చి వరసగా నిలబెట్టారు. మరియదాసుని పిలిస్తే రాలేదు. మొదటి గ్లాసు ఛైర్మన్ గారే స్వయంగా ముంచి కోటిరత్నం చేతికిచ్చి, ముఠాలో పెద్దావిడకి ఇవ్వమన్నారు.

కోటిరత్నం గ్లాసు తీసుకెళ్ళి జహీరున్నీసా ముందు నిలబడింది. ముసలమ్మ ఆ ఏడు కాపలా పని పోయి, కాయ ఏరడానికి వస్తోంది. గ్లాసు వంక చూసింది. కోటిరత్నం ముఖం వంక చూసింది.

"నీళ్ళు చల్లగానే ఉంటాయిలే అమ్మా," అంది అందరికీ వినిపించేలా. "తాగి ఎక్కడికి పోవాలో అది కూడా ఆయన్ని చెప్పమను."

ఛైర్మన్ గారు తల దించుకున్నారు. కోటిరత్నం గ్లాసుతో ముసలమ్మ పక్కనున్న ఆవిడ దగ్గరికి జరిగింది, తరవాత ఆ పక్కావిడ దగ్గరికి. ఎవరూ చెయ్యి చాపలేదు. ఎండిన పెదాలతో నలభైమందీ అలాగే నిలబడి, కాసేపటికి ఒకరి వెనక ఒకరు షెడ్డులోకి వెళ్ళి తమ గుట్టల ముందు కూర్చున్నారు.

హమాలీలు, కొట్ల గుమాస్తాలు, బండ్లవాళ్ళు పందిరి ముందు వరస కట్టారు. సాయంత్రానికి ఆరు కుండలూ ఖాళీ అయ్యాయి. ఆడది ఒక్కతి కూడా గుక్కెడు తాగలేదు.